గట్టు మీది నివ్వరి, గాదెలోని వడ్లు: ఒక పాత వరి రకం పుట్టుకను వెతికిన కేసు

ఈ కేసు జరిగిన ఊరు ఒడిశాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకున్న కొండ జిల్లాల్లో ఒకదానిలో ఉంది. ఊరి పేరు, రైతు సంఘం పేరు, వరి రకం పేరు రాయడం లేదు. ఆ ప్రాంతంలో రకం పేరు చెబితే ఊరి పేరు చెప్పినట్టే. మనుషుల వివరాలు కూడా గుర్తుపట్టలేనట్టు మార్చాను. పరీక్షల క్రమం, నేను తీసుకున్న నిర్ణయాలు, వాటిలో తప్పినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేను పంటల జన్యుశాస్త్రం చదివాను. కొన్నేళ్లుగా పాత విత్తనాలను కాపాడుకునే రైతు సంఘాలకు పరీక్షల విషయంలో సాయం చేస్తున్నాను. మామూలుగా నా దగ్గరికి వచ్చే ప్రశ్నలు చిన్నవి. ఈ రెండు విత్తనాలూ ఒకటేనా, ఇందులో కలుపు ఉందా అని అడుగుతారు. ఈ సంఘం తెచ్చిన ప్రశ్న అంత చిన్నది కాదు. నేను దానికి తొందరపడి జవాబు చెప్పాను, తరువాత ఆ జవాబును వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

నేపథ్యం

ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, కొండ మీది వాళ్లతో వాళ్ల మాట. పొలాలు మూడు రకాలు: కొండవాలు మెట్ట, మధ్య నేల, వాగు వెంట మెట్లు మెట్లుగా దిగే పల్లపు మళ్లు. సంఘం కాపాడుతున్నది పల్లపు మళ్లలో పండే ఎర్ర బియ్యపు రకం. వెన్ను పొడవు, గింజకు చిన్న మీసం, కోత ఆలస్యమైతే గింజ రాలుతుంది. గంజి చిక్కగా వస్తుందని బాలింతలకు అదే వండుతారు.

కొరాపుట్ జిల్లాలోని జయపురం ప్రాంతానికి వరి చరిత్రలో ఉన్న పేరును ఆ ఊరి రిటైరైన మాస్టారు బాగా చదువుకున్నారు. వరి పుట్టుకకు ఈ ప్రాంతంతో సంబంధం ఉండవచ్చని 1950ల మొదట్లోనే శాస్త్రవేత్తలు రాశారు. 1946లో కటక్‌లో ఏర్పడిన కేంద్ర వరి పరిశోధన సంస్థ 1955 నుంచి 1959 వరకు ఇక్కడ సర్వే జరిపి 1,700కు పైగా సాగు రకాలను, వాటితో పాటు అడవి వరులను సేకరించింది. అడవి వరికీ సాగు వరికీ మధ్యస్థంగా ఉండే రకాలు ఇక్కడ కనిపిస్తాయని 1960ల మొదట్లో ఓకా, చాంగ్ అనే శాస్త్రవేత్తలు రాశారు. 2012లో కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. మాస్టారి నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. ఆ నమ్మకానికి గౌరవనీయమైన మూలాలే ఉన్నాయి.

వాళ్లు తెచ్చిన సమస్య

సంఘం తమ రకాన్ని 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం కింద రైతు రకంగా నమోదు చేయించాలనుకుంది. ఆ చట్టం ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వం చూస్తుంది. పంపిన విత్తనం ఏకరూపంగా లేదని, మొక్కలు కలగాపులగంగా వచ్చాయని జవాబు వచ్చింది. దానికి మాస్టారు చెప్పిన వివరణ ఇది: “ఇది కల్తీ కాదు, డాక్టరుగారూ. మా వరి ఇంకా సగం అడవిలోనే ఉంది. మొదటి వరి ఇదే. మీరు డీఎన్‌ఏతో రుజువు చేసి ఇవ్వండి, దరఖాస్తుకు జతచేస్తాం.”

రుజువులుగా మూడు విషయాలు చూపించారు. బియ్యం ఎర్రన, అడవి వరి బియ్యమూ ఎర్రనే. గింజ రాలుతుంది, అడవి వరి గింజా రాలుతుంది. గట్ల మీద పెరిగే నివ్వరి ఆకులో, వెన్నులో అచ్చం ఈ రకంలాగే ఉంటుంది. నివ్వరి అంటే అడవి వరికి మన పాత మాట, సంస్కృతంలో నీవారం. శాస్త్రజ్ఞులు ఏకవార్షిక అడవి వరికి పెట్టిన ఒరైజా నివారా అనే పేరు కూడా అందులోంచి వచ్చిందే. ఒడియా రైతులు పొలంలో కలుపుగా వచ్చే దాన్ని బాలుంగా అంటారు. చెరువు నివ్వరినీ పొలం బాలుంగానూ వాళ్లు వేరు మాటలతో పిలుస్తున్నారని నాకు మొదటి రోజే తెలిసింది. అందులోని అర్థం మాత్రం నెలల తరువాతే తలకెక్కింది.

మొదట చేసినది

మొదటి ఏడాది దసరా వెళ్లాక, వరి పూతలో ఉండగా వెళ్లాను. సంఘం గాదెలోని విత్తనంతో వేసిన మడి నుంచి, ఆ మడి గట్ల మీది నివ్వరి నుంచి ఆకులు కోసి సిలికా జెల్‌లో ఎండబెట్టి తెచ్చాను. పోలిక కోసం స్వర్ణ, మరి రెండు మూడు విడుదలైన రకాలు తీసుకున్నాను. అడవి వరి కోసం దూరం ఎందుకు వెళ్లలేదంటే, గట్టు మీద చేతికందే దూరంలో ఉంది, చెరువు దాకా వెళ్లే దారి బురదగా ఉంది. చూడటానికి రెండూ ఒకటే జాతి. ఈ నిర్ణయం వెనక ఇంతకు మించిన ఆలోచన లేదు.

రెండు డజన్ల మైక్రోశాటిలైట్ మార్కర్లతో పోల్చాను. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే వచ్చే చోట్లవి. రకానికీ రకానికీ ఆ పునరావృతాల సంఖ్య మారుతుంది. ఎంత పోలిక ఉంటే అంత దగ్గరి కొమ్మల మీద పెడుతూ కంప్యూటర్ గీసిన చుట్టరికపు చెట్టులో సంఘం రకం, గట్టు నివ్వరి ఒకే కొమ్మ మీద వచ్చాయి. స్వర్ణ, మిగతా రకాలు దూరంగా ఉన్నాయి.

ఆ బొమ్మను నేను ఊరి సమావేశంలో చూపించాను. “మీ రకానికి ఇక్కడి అడవి వరితో దగ్గరి చుట్టరికం ఉంది” అన్నాను. వాక్యం తప్పు కాదు. కానీ దగ్గరి చుట్టరికం అన్న మాట అక్కడ కూర్చున్న వాళ్లకు తండ్రీ బిడ్డల చుట్టరికంగా వినపడుతుందని నాకు తెలిసి ఉండాలి. వారం తిరగకుండా మాస్టారు కరపత్రం అచ్చు వేయించారు. వరి మా లోయలోనే పుట్టిందని జన్యుపరీక్ష తేల్చిందని అందులో ఉంది.

ఎక్కడ విఫలమైంది

కరపత్రం చూశాక లెక్కలు మళ్లీ తీశాను. మొదటిసారి నేను చూడని విషయం కళ్లముందే ఉంది. గట్టు మొక్కల్లో చాలా మార్కర్ల దగ్గర రెండేసి రూపాలు కనిపించాయి. ఒక రూపం సంఘం రకానిది, రెండోది ఈ పట్టికలో ఎక్కడా లేనిది. తల్లి ఒక వైపు, తండ్రి మరో వైపు అయినప్పుడే అలా కనిపిస్తుంది. అంటే గట్టు మీదివి సంకరాలు కావచ్చు. అలా అయితే సంఘం రకం వాటిని పోలి ఉండడంలో వింత లేదు, ఎందుకంటే వాటిలో సగం ఆ రకమే.

ఇంకొక తప్పు నేను ఎంచుకున్న నమూనాల్లోనే ఉంది. పట్టికలో అయిదారు పేర్లే ఉంటే చెట్టు ప్రతి పేరునూ ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టి తీరుతుంది. పొలానికి దూరంగా పెరిగే అడవి వరి అందులో లేదు. లేని చుట్టాన్ని చెట్టు చూపించలేదు.

ఈ అనుమానం నా ఒక్కడి పట్టికకే కాదు, ఈ రంగం మొత్తానికీ ఎదురైంది. 2006లో లాండో బృందం సాగు వరిలోని రెండు పెద్ద తెగలు, ఇండికా, జపోనికా, వేరు వేరు చోట్ల, ఒకటి హిమాలయాలకు దక్షిణాన, మరొకటి దక్షిణ చైనాలో సాగులోకి వచ్చాయని చెప్పింది. 2011లో మొలీనా బృందం మూలం ఒక్కటేనంది. 2012లో 446 అడవి వరుల, 1,083 సాగు వరుల జన్యుపటాలు పోల్చిన చైనా బృందం, జపోనికా దక్షిణ చైనాలోని పెర్ల్ నది ప్రాంతంలో మొదట సాగైందని, అది దక్షిణ, ఆగ్నేయ ఆసియా అడవి వరులతో కలిసి ఇండికా వచ్చిందని తేల్చింది. 2015లో ఇండికా, జపోనికా, బెంగాల్ వైపు పండే ఔస్ అనే తెగ, ఈ మూడూ విడివిడిగా సాగులోకి వచ్చాయని మరో బృందం వాదించింది. 2017లో వచ్చిన ఒక విశ్లేషణ ఈ రెండు పక్షాలకూ మధ్య దారి చూపింది: ఈ మూడు వరుల పూర్వీకులైన అడవి సమూహాలు వేరు వేరే, కానీ సాగుకు పనికొచ్చే ముఖ్య మార్పులు జపోనికాలో జరిగి సంకరం ద్వారా మిగతా వాటికి చేరాయి. అదే ఏడాది మరో పరిశోధన, ఇప్పుడు మనం అడవి వరి అంటున్న దానిలో చాలా భాగం సాగు వరి నుంచి జన్యువులు తెచ్చుకున్న కలగలుపు గుంపేనని చూపించింది. నా గట్టు మొక్కలు ఆ వాక్యానికి చిన్న ఉదాహరణ. నేను ఆ పరిశోధన చదివే ఉన్నాను, అయినా నా సొంత పట్టిక చూసేటప్పుడు అది గుర్తు రాలేదు.

ఈ మధ్యలో సంఘం యువకులు ఒక దిబ్బ తవ్వుతుంటే దొరికాయని మాడిపోయిన వరిగింజలు తెచ్చారు, వాటికి డీఎన్‌ఏ తీయమన్నారు. వద్దన్నాను. నిప్పులో మాడిన గింజలో, అందులోనూ ఈ వేడి తేమ నేలలో, చదవగలిగే డీఎన్‌ఏ మిగలడం అరుదు. పైగా తవ్విన పొర ఏదో రాసి పెట్టుకోలేదు. గింజలను కదిలించకుండా పురావస్తు శాఖకు చూపించమని చెప్పాను.

రెండోసారి: దిక్కు చెప్పే పరీక్ష

ఈసారి పోలికను పక్కన పెట్టి ప్రశ్నను మార్చుకున్నాను. ఈ రెండింటి మధ్య జన్యువులు కదిలాయి, సరే. ఎటు నుంచి ఎటు కదిలాయి? అడవి నుంచి పొలానికా, పొలం నుంచి అడవికా? దిక్కు తెలియాలంటే సాగు చేసిన మనిషి చేతిలో మారిన జన్యువులనే చూడాలి. అవి అడవిలో మొదట అలా ఉండవు.

మొదటిది ఎస్‌హెచ్4 అనే జన్యువు. గింజకూ కాడకూ మధ్య తెగిపోయే పొరను ఏర్పరచడంలో దీని పాత్ర ఉంది. అడవి రూపంలో ఒక జి అక్షరం ఉన్న చోట సాగు వరిలో టి ఉంటుంది. దానివల్ల ప్రోటీన్‌లో లైసిన్ బదులు ఆస్పరజీన్ వస్తుంది, గింజ కాడను పట్టుకుని నిలుస్తుంది. 2006లో వెలువడిన ఈ ఫలితంలో ముఖ్యమైనది ఏమిటంటే, ఇండికాలోనూ జపోనికాలోనూ ఉన్నది అదే మార్పు. రెండోది బియ్యపు రంగుకు సంబంధించిన ఆర్‌సీ అనే జన్యువు. ఇందులో 14 అక్షరాలు తెగిపోతే బియ్యం తెల్లబడుతుంది. మూడోది హరితరేణువు, అంటే కణంలో పచ్చదనం ఉండే భాగం, దాని సొంత డీఎన్‌ఏలోని ఓఆర్‌ఎఫ్100 అనే చోటు. ఇండికాల్లో ఎక్కువ వాటికి అక్కడ 69 అక్షరాలు లోపించి ఉంటాయి. వరిలో హరితరేణువు తల్లి నుంచే వస్తుంది, పుప్పొడితో రాదు. కాబట్టి సంకరంలో తల్లి ఎవరో అది చెబుతుంది. ఆర్‌సీ, ఓఆర్‌ఎఫ్ తేడాలు డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీదే కనిపిస్తాయి. ఎస్‌హెచ్4లోని ఒక్క అక్షరం కోసం మాత్రం వరుస చదివించాలి. ఉన్న డబ్బుకు ఇంతే చేయగలం, అడిగిన ప్రశ్నకు ఇది చాలు అనుకున్నాను.

నమూనాల విషయంలో ఈసారి బురదను లెక్క చేయలేదు. మూడు అంచెలుగా తీశాను. పొలాలకు దూరంగా, కొండ అవతల ఉన్న పాత చెరువులోని బహువార్షిక నివ్వరి ఒకటి. మడి గట్ల మీది మొక్కలు రెండోది. మూడోది సంఘం మడి కాదు, ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో విడిగా కుండలో దాచిన విత్తనం.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్న గంటసేపు ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది. గట్టు మీది నివ్వరి ఎప్పటినుంచి ఉందమ్మా అని అడిగాను. “మా పెళ్లయిన కొత్తలో లేదు బాబూ” అంది. అప్పట్లో విత్తనం వెదజల్లి, నెల దాటాక నీళ్లు నిలిచిన మడిలో అడ్డంగా దున్నేవారట. ఒడియాలో దాన్ని బెఉషణ అంటారు. ఆ దుక్కిలో కలుపు మొక్కలు చాలావరకు పోయేవి, మిగిలినవాటిని ఆడవాళ్లు చేత్తో పీకేవారు. కుర్రవాళ్లు పనులకు వలస వెళ్లడం మొదలైనప్పటి నుంచి ఆ దుక్కీ లేదు, పీకే చేతులూ లేవు. గట్టు మొక్కలు ఆ తరువాతే పెరిగాయి. ఈ విత్తనం మీకెక్కడిదని అడిగితే ఇంకో మాట చెప్పింది. వాళ్ల అత్తగారు కొండ మీది వాళ్లకు ఉప్పు ఇచ్చి బదులుగా తెచ్చుకుందట. లోయలో పుట్టిందన్న రకం లోయకు ఉప్పు బేరంలో వచ్చింది.

ఏం తేలింది

చెరువు మొక్కల్లో ఎస్‌హెచ్4 అడవి రూపంలోనే ఉంది. కుండ విత్తనం మొత్తంలో సాగు రూపం. గట్టు మొక్కల్లో ఎక్కువ వాటిలో రెండు రూపాలూ ఉన్నాయి, కొన్నింటిలో సాగు రూపం ఒక్కటే ఉంది. గింజ రాల్చే మొక్కల్లో గింజ నిలిపే జన్యురూపం ఎలా ఉందని నా సహాయకురాలు ఆశ్చర్యపోయింది. ఇది కొత్త కాదు. అమెరికా పొలాల్లోని కలుపు వరిలో కూడా ఎస్‌హెచ్4 సాగు రూపమే ఉందని, అయినా అది గింజ రాలుస్తుందని 2010లో వెలువడింది. పొలం విడిచి పారిపోయిన వరి వేరే జన్యువుల దారిలో రాలే గుణాన్ని తిరిగి తెచ్చుకుంటుంది, కానీ ఎస్‌హెచ్4లో పాత మచ్చ మిగిలే ఉంటుంది.

హరితరేణువు పరీక్ష కథను పూర్తిచేసింది. చెరువు మొక్కల్లో ఆ 69 అక్షరాలు ఉన్నాయి. కుండ విత్తనంలో లేవు. గట్టు మొక్కల్లో చాలావాటిలోనూ లేవు. అంటే వాటి తల్లి సాగు వరి. మడిలోని వరి పూత మీద ఎక్కడినుంచో నివ్వరి పుప్పొడి పడింది, ఆ గింజ గట్టు పక్కన రాలి మొలిచింది. మాస్టారు తాతగా భావించిన మొక్క నిజానికి మనవడు.

మిగతా రెండు రుజువులకు కూడా జవాబు దొరికింది. ఎర్ర బియ్యం ప్రాచీనతకు ముద్ర కాదు. తెల్లబరిచే ఆ 14 అక్షరాల లోపం జపోనికాలో పుట్టి సంకరాల ద్వారా ఇండికాలోకి వచ్చిందని 2007లో తెలిసింది. ఈ రకానికి అది చేరలేదు, లేదా చేరినా ఇక్కడి వాళ్లు ఎర్ర గింజనే ఏరి దాచుకున్నారు. గింజ రాలడం కూడా అంతే. జపోనికాల్లో కొన్నింటికి క్యూఎస్‌హెచ్1 అనే మరో జన్యువులో వచ్చిన మార్పు రాలుడును ఇంకా తగ్గించింది. ఇండికాల్లో మామూలుగా అది లేదు, అందుకే అవి కొంత రాలతాయి.

కల్తీ సమస్యకు డీఎన్‌ఏ అక్కర లేకుండా పాత పద్ధతే పనిచేసింది. పెద్దావిడ కుండలోని విత్తనం నుంచి వెన్ను వెన్నుకూ విడిగా వరుసలు నాటించాము. నేలమీద పాకే పిలకలు వచ్చిన వరుసను మొత్తంగా పూతకు ముందే పీకేశాము. వెన్ను వచ్చాక పొడవాటి మీసం, నల్ల పొట్టు కనిపించిన వరుసనూ తీసేశాము. రాలుడు తెలియడానికి పాలు పోసుకునే దశలో వెన్నులకు గుడ్డ సంచులు కట్టాము. రెండు పంటల తరువాత మడి ఒక్కలా కనిపించింది. సంఘం గాదెలోని విత్తనంతో ఈ పని చేసి ఉంటే ఇంకా చాలా ఏళ్లు పట్టేది.

చెప్పడం

ఫలితాలు చెప్పే సమావేశం నాకు కష్టమైంది. మొదటి సమావేశంలో నేనన్న మాట తప్పు అర్థానికి దారితీసిందని, కరపత్రానికి బాధ్యత నాదేనని ముందుగా చెప్పాను. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన ప్రశ్న మంచిది: “అయితే వరి ఇక్కడ పుట్టలేదని రుజువైనట్టా?”

కాదు. గింజను కాడకు నిలిపిన ఆ ఒక్క మార్పు ఈ రకంలోనూ చైనా వరిలోనూ ఒకటే కాబట్టి అది ఇక్కడ విడిగా పుట్టలేదని చెప్పవచ్చు. కానీ వరి అంటే ఆ ఒక్క అక్షరం కాదు. ఇండికా, ఔస్ వరుల జన్యుపటంలో ఎక్కువ భాగం మన ఉపఖండపు అడవి వరుల నుంచి వచ్చింది. ఆ అడవి వరులు పెరిగిన నేలల్లో ఈ కొండలూ ఉన్నాయి. ఫలానా లోయ అని వేలు పెట్టి చూపడానికి ఒక మడి ఆకులు చాలవు. సంగమం దాటాక ఏటి నీళ్లు దోసిట్లోకి తీసుకుని ఏ వాగువో చెప్పలేం. వాగు వాగునా పైకి నడవాలి.

దరఖాస్తులోంచి పుట్టుక గురించిన పేరా తీసేశాము. బదులుగా రకం లక్షణాలు, దాచిన పద్ధతి, బాలింతల గంజి, ఉప్పు బేరం రాశాము. కొండ మీది కుటుంబాలను కూడా హక్కుదారులుగా చేర్చాలా అన్నదానిపై సంఘంలో రెండు సాయంత్రాలు గట్టి వాదన జరిగింది. చేర్చాలని నేను చెప్పాను, అది నా పరిధి దాటిన మాట అని కొందరు అన్నారు. చివరికి పెద్దావిడ తన అత్తగారి మాటగా చెప్పి ఒప్పించింది. దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది.

ఇప్పుడు నా పనిలో మారినవి

పుట్టుక ప్రశ్నతో ఎవరు వచ్చినా ఆకు కోయడానికి ముందు విత్తనం ఎవరి చేతినుంచి వచ్చిందో మూడు తరాలు వెనక్కి అడుగుతున్నాను. అడవి వరిని పొలం గట్టు నుంచి ఒక్కదాన్నే తీసుకోవడం మానేశాను. దూరపు చెరువు నమూనా లేకపోతే పని మొదలుపెట్టను. పోలిక చెట్టు బొమ్మను ఊళ్లో చూపించను. చూపవలసి వస్తే దాని పక్కన సంకర మొక్కల పట్టిక కూడా పెడతాను. ప్రజలు ఒకే మొక్కకు రెండు పేర్లు పెడితే అది రెండు మొక్కలేమోనని ముందు అనుమానిస్తాను. నివ్వరి, బాలుంగా విషయంలో రైతుల మాటలు నా మార్కర్ల కన్నా ముందే తేడా చెప్పాయి.

మిగిలిన ఆందోళన చెరువు గురించి. పొలం పుప్పొడి అందని నివ్వరి ఆ చుట్టుపక్కల నేను చూసినంతలో అక్కడే ఉంది. పోయిన వేసవిలో చెరువు పూడిక తీయడానికి యంత్రం వచ్చింది. మాస్టారు స్వయంగా వెళ్లి పంచాయతీ వాళ్లతో మాట్లాడి, తూర్పు ఒడ్డున ఇరవై అడుగుల మేర వదిలేయించారు, వెదురు గడలు పాతించారు. వానలు పడ్డాక ఫోను చేసి, గడల లోపల చిగుళ్లు వచ్చాయని చెప్పారు. దసరా వెళ్లాక పూత చూడటానికి నేను మళ్లీ వెళ్తున్నాను.